ఓడ ఆగిన పూట ఏ బీచ్‌కి వెళ్లాలి? దీవిలో సౌకర్యాలున్న తీరాన్ని ఎంచుకునే పద్ధతి

క్రూజ్ ఓడ ఒక దీవి దగ్గర మామూలుగా ఎనిమిది, తొమ్మిది గంటలు ఆగుతుంది. అందులో ఇసుక మీద గడపగలిగేది నాలుగైదు గంటలే. దీవిలో హోటల్ తీసుకున్నవాళ్లకు ఈరోజు వెళ్లిన బీచ్ నచ్చకపోతే రేపు మరోటి ఉంటుంది. ఓడలో వచ్చినవాళ్లకు తెల్లారేసరికి దీవే మారిపోతుంది. కాబట్టి ఇక్కడ అన్నింటికన్నా అందమైన బీచ్ ఏదని వెతుక్కుంటూ పోతే ఓడ ప్రయాణికుడికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అలాంటి జాబితాల్లో పైన కనిపించే తీరాల్లో చాలా వాటికి రేవు దూరం, దగ్గర్లో టాయిలెట్ కూడా ఉండదు. మీకున్న గంటల్లో, మీతో వచ్చే మనుషులకు, ఆ రోజు గాలికి సరిపోయే తీరం కావాలి. దానికి ముందు గడియారం చూడాలి, తర్వాత గాలి, ఆ తర్వాత సౌకర్యాలూ ధరా. ఫొటోలు చిట్టచివర.

1. ఇసుక మీద మిగిలే గంటలు లెక్కగట్టండి

ప్రయాణ పత్రంలో "ఉదయం 8 నుంచి సాయంత్రం 5" అని ఉంటే తొమ్మిది గంటలున్నాయనుకోకండి. ఓడ 8కి రేవుకు కట్టినా, స్థానిక అధికారుల అనుమతి వచ్చి మెట్లు దించేసరికి 8:30 అవుతుంది. తిరిగి ఎక్కాల్సిన ఆఖరి గడువు బయల్దేరడానికి కనీసం అరగంట ముందు, అంటే 4:30. మీరు దానికీ ఒక గంట ముందే, 3:30కల్లా రేవు గేటు దగ్గర ఉండేలా చూసుకోవాలి.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ లెక్క వేయండి. 8:45కి ఓడ దిగి, పీర్ (ఓడ ఆనుకునే పొడవాటి కట్టడం) దాటి టాక్సీ ఎక్కేసరికి 9:05. అరగంట ప్రయాణం అయితే 9:35. టికెట్టు, కుర్చీలు, బట్టలు మార్చుకోవడం అయ్యేసరికి 9:50. వెనక్కి వచ్చేటప్పుడు 3:30కి రేవులో ఉండాలంటే 3:00కి టాక్సీ కదలాలి. టాక్సీ దొరకడానికి ఒక పావుగంట, స్నానం చేసి సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు తీసేయండి. అంటే 2:25కి నీళ్లలోంచి బయటికి రావాలి. తొమ్మిది గంటల్లో చేతికి మిగిలింది నాలుగున్నర గంటలు. అదీ అరగంట దూరంలో ఉన్న బీచ్‌కి, ఓడ నేరుగా పీర్‌కు ఆనుకున్న రోజున.

ఓడ లోతు నీళ్లలో ఆగి, చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకు చేర్చే రేవుల్లో ఇందులోంచి మరో గంట, గంటన్నర పోతుంది. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్, గ్రీసులోని సాంటొరినీ అలాంటివే. టెండర్ ఉన్నచోట చూడాల్సిన సమయం ఓడ కదిలేది కాదు, ఆఖరి టెండర్ బయల్దేరేది. అలలు పెరిగితే టెండర్లు నిలిపేస్తారు, ఒక్కోసారి ఆ రేవునే దాటేసి వెళ్లిపోతారు. అందుకే టెండర్ రేవుల్లో డబ్బు వాపసు రాని బుకింగులు చేయకండి.

మేము పాటించే కొలత ఒకటుంది. రానూపోనూ పట్టే మొత్తం సమయం ఇసుక మీద గడిపే సమయంలో మూడో వంతు దాటితే ఆ బీచ్‌ని వదిలేయాలి. సాంటొరినీ ఇందుకు మంచి ఉదాహరణ. కమారి, పెరీసా నల్ల ఇసుక తీరాల్లో గొడుగులు, పడక కుర్చీలు, హోటళ్లు అన్నీ బాగానే ఉంటాయి. కానీ టెండర్ దిగాక కొండ పైకి కేబుల్ కారు కోసం వరసలో నిలబడాలి, పైన ఫీరా ఊళ్లో బస్సు పట్టుకోవాలి, సాయంత్రం ఇదంతా తిరగేసి చేయాలి. ఒకే పూట ఓడలు ఎక్కువ వస్తే దిగే కేబుల్ కారు వరసే గంట దాటుతుంది. సగం రోజు మాత్రమే ఆగే ఓడ అయితే అక్కడ బీచ్ ఆలోచన మానుకుని ఊరు చూడటమే మేలు.

ఓడ గడియారానికీ దీవి గడియారానికీ తేడా ఉందేమో తప్పకుండా చూసుకోండి. కోజుమెల్ ఉన్న మెక్సికో రాష్ట్రం కింటానా రూ 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది. వేసవిలో ఫ్లోరిడా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అక్కడి నుంచి వచ్చిన ఓడ తన సమయం మార్చుకోకపోతే, ఒడ్డున గోడ గడియారం 3:30 చూపేటప్పుడు ఓడలో 4:30 అవుతుంది. ఫోన్ ఒడ్డు టవర్‌ని పట్టుకుని తనంతట తానే సమయం మార్చుకుంటుంది, మనిషి గమనించడు. ఓడ తప్పిపోయేవాళ్లలో కొందరికి జరిగేది ఇదే. ఫోన్‌లో ఆటోమేటిక్ సమయాన్ని ఆపేయండి, లేదా మామూలు చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకుని అదొక్కటే నమ్మండి.

2. దీవికి గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూడండి

ఒకే దీవిలో ఒక పక్క పిల్లలు మోకాలి లోతులో ఆడుకుంటుంటే రెండో పక్క అలలు మనిషిని విసిరేస్తుంటాయి. కరీబియన్‌లో వాణిజ్య పవనాలు ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తాయి. దాంతో తూర్పు తీరాలకు దెబ్బ, పడమటి తీరాలకు దీవే అడ్డుగోడ. కోజుమెల్‌లో రేవులూ బీచ్ క్లబ్బులూ పడమటి వైపే ఉన్నాయి; తూర్పు తీరం చూడటానికి అద్భుతం, ఈతకు ప్రమాదం. బార్బడోస్‌లోనూ అంతే. తూర్పున బాత్‌షీబా సర్ఫింగ్ చేసేవాళ్ల చోటు, నైరుతిలో బ్రిడ్జ్‌టౌన్ పక్కన కార్లైల్ బే కుటుంబాల చోటు.

గ్రీసు దీవుల్లో దిక్కు మారుతుంది. జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. అందుకే మికొనోస్‌లో దక్షిణాన ఉన్న ఓర్నోస్, ప్లాటిస్ యాలోస్ వైపు వెళ్లాలి. ఉత్తరపు తీరాల్లో ఆ రోజుల్లో ఇసుక కళ్లలో పడుతుంది, గొడుగు నిలవదు.

శీతాకాలంలో ఇంకో సంగతి. నవంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఉత్తర అట్లాంటిక్ తుపానుల నుంచి పుట్టిన పెద్ద అలలు కరీబియన్ దీవుల ఉత్తర, వాయవ్య తీరాలకు వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి కూడా ఉండదు, అయినా సముద్రం పొంగుతుంది. ఆ నెలల్లో వాతావరణ సూచనలో వాన, ఎండ చూసి ఊరుకోకుండా అలల ఎత్తు, అవి వచ్చే దిక్కు కూడా చూడాలి.

ఇక సర్గాసమ్. 2011 నుంచి ఈ గోధుమరంగు సముద్రపు నాచు దాదాపు ఏటా పెద్ద ఎత్తున కరీబియన్ తీరాలకు కొట్టుకొస్తోంది. వసంతం చివరి నుంచి వేసవి అంతా దీని బెడద ఎక్కువ. గాలికి ఎదురుగా ఉన్న తూర్పు, ఆగ్నేయ తీరాలకే ముందు చేరుతుంది. ఒడ్డున కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడి మురిగిన గుడ్ల వాసన వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడదు. ఓడ ఎక్కే ముందు వారంలో ఆ బీచ్‌లో జనం తీసిన ఫొటోలు చూస్తే పరిస్థితి తెలిసిపోతుంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఉపగ్రహ చిత్రాలతో ఈ నాచు పటాలు విడుదల చేస్తుంది, అవీ పనికొస్తాయి.

ఉపగ్రహ పటాన్ని దగ్గరగా చూడటం అలవాటు చేసుకోండి. ఒడ్డుకు సమాంతరంగా తెల్లటి నురగ గీతలు రెండు మూడు వరసలు కనిపిస్తే అక్కడ అలలు విరుగుతున్నాయి. లేత నీలం రంగు వెడల్పుగా ఉంటే అడుగున ఇసుక, లోతు తక్కువ. ఒడ్డు దగ్గరే ముదురు మచ్చలు ఉంటే రాయో, పగడమో, సముద్రపు గడ్డియో ఉన్నట్టు. ఇసుక వెనుక చెట్లున్నాయా, వాహనాలు ఆగే చోటు ఉందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

3. నాలుగు రకాల్లో మీది ఏది?

ఓడ సంస్థల సొంత దీవులు మొదటి రకం. బహమాస్‌లో రాయల్ కరీబియన్ వారి కోకోకే, డిస్నీ వారి కాస్ట్‌అవే కే, ఎం.ఎస్.సి. వారి ఓషన్ కే ఇలాంటివి. ఇక్కడ మీరు ఎంచుకునేది బీచ్‌ని కాదు, బీచ్‌లో మూలని. పడక కుర్చీలు, మామూలు భోజనం చాలావరకు టికెట్లోనే కలిసి ఉంటాయి. కబానాలు (అద్దెకిచ్చే చిన్న పందిళ్లు), ప్రత్యేక క్లబ్బులు, నీటి ఆటలకు వేరే ధర. గొడుగు విషయంలో సంస్థకో పద్ధతి, ముందే అడగండి. ఓడలోని జనమంతా ఒకే చోట దిగుతారు కాబట్టి చెట్టు నీడ కావాలంటే మొదటి గంటలోనే దిగాలి, లేదా అందరూ ఆగే మొదటి బీచ్‌ని దాటి లోపలికి నడవాలి.

రెండో రకం రేవు పక్కనే ఉండే తీరాలు. గ్రాండ్ టర్క్‌లో 2006లో తెరిచిన క్రూజ్ కేంద్రం దగ్గర ఓడ దిగిన కొద్ది నిమిషాల్లో ఇసుక మీద ఉంటారు. సెయింట్ మార్టిన్ దీవిలో డచ్ వైపు భాగమైన సింట్ మార్టెన్ రేవు నుంచి ఫిలిప్స్‌బర్గ్‌లోని గ్రేట్ బేకి నడిచి పోవచ్చు, నీటి టాక్సీ కూడా ఉంది. రోడ్స్ దీవిలో ఎల్లీ బీచ్ పాత కోట పక్కగా నడిస్తే వస్తుంది. వీటిలో జనం ఎక్కువ, ప్రశాంతత తక్కువ. కానీ చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికీ, నాలుగైదు గంటలే ఆగే ఓడకీ ఇంతకన్నా మంచి ఎంపిక లేదు. మధ్యాహ్నం పిల్లవాడు అలిసిపోతే ఓడకు వెళ్లి పడుకోబెట్టవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు కోసం కాస్త అందం వదులుకోవచ్చు.

మూడోది సౌకర్యాలున్న ప్రజా బీచ్. అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లో మేగన్స్ బే దీనికి నమూనా: గేటు దగ్గర ప్రవేశ రుసుము, లోపల టాయిలెట్లు, స్నానపు కుళాయిలు, తినడానికి చోటు, లైఫ్‌గార్డులు, ఒడ్డు పొడవునా చెట్లు. బెర్ముడాలో హార్స్‌షూ బే దగ్గర కూడా టాయిలెట్లు, కుర్చీల అద్దె, వేసవిలో లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడ ప్రధాన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు వస్తాయి కాబట్టి చిన్నపిల్లలను పక్కనే రాళ్ల మధ్య ఉన్న బుల్లి కోవ్‌కి తీసుకెళ్లాలి.

నాలుగోది బీచ్ క్లబ్, లేదా రిసార్టు డే పాస్. కోజుమెల్‌లో ఇదే ప్రధానం. ఒకే ధరకు కుర్చీ, గొడుగు, భోజనం, పానీయాలు, ఈత కొలను, లాకర్లు ఇస్తారు. కొన్ని క్లబ్బులు రోజుకు ఇంతమందినే అని పరిమితి పెట్టుకుంటాయి. ఓడలు కిక్కిరిసిన రోజున ఆ పరిమితికి విలువ చాలా ఎక్కువ. కొలను ఉండటం కూడా చిన్న విషయం కాదు. సముద్రం బాగాలేని రోజున, నాచు వచ్చిన రోజున మీ పూట వృథా కాకుండా కాపాడేది అదే.

4. సౌకర్యాలను ఒక్కొక్కటిగా పరీక్షించండి

వివరణల్లో "అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అని రాస్తారు. ఆ మాట నమ్మకుండా విడివిడిగా చూడండి.

నీడ. ఉష్ణమండలంలో మధ్యాహ్నం అతినీలలోహిత సూచీ 11 దాటడం మామూలే. మీరు ఇసుక మీద ఉండేది సరిగ్గా ఆ గంటల్లోనే, పదింటి నుంచి రెండున్నర దాకా. అందుకే నీడ అందుబాటులో లేని బీచ్‌ని మిగతావన్నీ బాగున్నా ఎంచుకోవద్దు. ఇద్దరికి ఒక గొడుగు ఇస్తే సూర్యుడు నడినెత్తిన ఉన్నంతసేపే ఇద్దరికీ సరిపోతుంది. ఒంటిగంట తర్వాత నీడ పక్కకు జరిగి ఒకరి కాళ్లు ఎండలో పడతాయి. నలుగురికి రెండు గొడుగులు తప్పనిసరి. గొడుగు బట్ట పల్చగా ఉండటం వల్లా, తెల్లటి ఇసుక నుంచి తిరిగి కొట్టే వెలుతురు వల్లా నీడలో కూర్చున్నా చర్మం కమిలిపోతుంది. చెట్టు నీడ, తాటాకు కప్పున్న పందిరి అన్నింటికన్నా మేలు.

నీళ్లలోకి దిగే దారి. ఫొటోల్లో అసలు కనిపించనిది ఇదే. కోజుమెల్ పడమటి తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఇసుకగా ఉన్నా నీటి అంచున గరుకైన సున్నపురాయి ఉంటుంది, మెట్ల మీదుగానో నిచ్చెన పట్టుకునో దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, పిల్లలకూ ఇది పెద్ద అడ్డంకి. సమీక్షల్లో "రాళ్లు", "నిచ్చెన", "నీటి చెప్పులు" అన్న మాటలు వెతకండి. సముద్రపు ముళ్లకాయలు (ముళ్లున్న గుండ్రటి సముద్ర జీవులు) ఉన్న చోట నీటి చెప్పులు లేకుండా అడుగు పెట్టకూడదు.

కాపలా. లైఫ్‌గార్డు ఉన్నాడా, ఏ నెలల్లో, ఏ గంటల్లో ఉంటాడు? చాలా దీవుల్లో అందమైన తీరాలకు లైఫ్‌గార్డులే ఉండరు. జెండాల రంగులు తెలుసుకోండి: ఆకుపచ్చ అయితే అలలు తక్కువ, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ప్రమాదం, రెండు ఎర్ర జెండాలు ఉంటే నీళ్లలోకి దిగకూడదు, ఊదా రంగు ఉంటే జెల్లీ చేపల వంటివి ఉన్నట్టు. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతితే వాటి మధ్యే ఈదాలి, కాపలా అక్కడే. మెక్సికోలో నల్ల జెండా అంటే తీరం మూసినట్టు. ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది అది వదిలాక వెనక్కి రావాలి.

టాయిలెట్, స్నానం, బట్టలు మార్చుకునే గది. ఇవి మూడూ వేరు. కుళాయి ఉన్నంత మాత్రాన గది ఉండదు. తడి బట్టలతో, ఉప్పు ఒంటితో టాక్సీ ఎక్కనివ్వని డ్రైవర్లు ఉంటారు. టాయిలెట్ హోటల్‌ది అయితే అక్కడ ఏదైనా కొంటేనే తాళం ఇస్తారు.

లాకర్ విషయంలో ఒకటే ప్రశ్న: తాళం వాళ్లదా, మీరు తెచ్చుకోవాలా? ఒక చిన్న తాళం సంచిలో వేసుకుంటే సరిపోయింది.

నడవలేనివాళ్లు ఉంటే రేవు రకం నుంచే మొదలుపెట్టండి. చక్రాల కుర్చీతో టెండర్ ఎక్కించడం అలలను బట్టి ఉంటుంది, సిబ్బంది కుదరదనవచ్చు. పీర్ ఉన్న రేవు, రేవు నుంచి నేరుగా చదునైన దారి, ఇసుక మీద పరిచిన పలకల బాట, వెడల్పు చక్రాల బీచ్ కుర్చీ — ఈ నాలుగూ ఉన్నాయని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బుక్ చేయండి.

ఒక ధ్రువీకరణను నమ్మవచ్చు: బ్లూ ఫ్లాగ్. 1985లో ఫ్రాన్స్‌లో మొదలై, 1987లో యూరప్‌కు, తర్వాత ఇతర ఖండాలకు విస్తరించిన ఈ గుర్తింపును కోపెన్‌హేగన్ కేంద్రంగా ఉన్న పర్యావరణ విద్యా సంస్థ ఇస్తుంది. నీటి నాణ్యత, టాయిలెట్లు, భద్రత, ప్రథమ చికిత్స వంటి వాటిని చూసి, సీజన్ సీజన్‌కూ కొత్తగా ఇస్తారు. నిరుటి జెండా ఈ ఏడాదికి చెల్లదు. గ్రీసు, స్పెయిన్ దీవుల్లో ఎంచుకోవడానికి ఇది చాలా ఉపయోగం. కరీబియన్‌లో ఈ జెండా తక్కువ చోట్లే ఉంది, కాబట్టి లేదని బీచ్‌ని తీసిపారేయనక్కర్లేదు.

5. ధరను విప్పి చూడండి

టాక్సీ ధర మనిషికా, కారుకా? సెయింట్ థామస్‌లో అధికారిక రేట్లు తలకు ఇంత అని ఉంటాయి, పక్కలు తెరిచిన పెద్ద బండిలో మరికొందరితో కలిసి వెళ్తారు. కోజుమెల్‌లో కారుకు ఇంత అని బోర్డు రాసి ఉంటుంది. నలుగురు ఉన్న కుటుంబానికి ఈ తేడా పెద్దది. ఎక్కకముందే "ఎంతమందికి, ఒక వైపుకా రెండు వైపులకా, ఏ కరెన్సీ" అని మూడూ అడిగేయండి.

కరెన్సీ గురించి కాస్త ఆగి చెప్పాలి. చాలా దీవుల్లో ధర పక్కన డాలర్ గుర్తే ఉంటుంది, డాలరు మాత్రం వేరు. బార్బడోస్‌లో రెండు స్థానిక డాలర్లు ఒక అమెరికా డాలరు. తూర్పు కరీబియన్ డాలర్లయితే 2.70 కలిస్తే ఒక అమెరికా డాలరు. గ్రాండ్ కేమన్‌లో తిరగబడుతుంది: ఒక కేమన్ డాలరు 1.20 అమెరికా డాలర్లతో సమానం, దుకాణాల్లో తరచు 1.25 లెక్క వేస్తారు. మెనూలో 20 అని ఉన్న భోజనానికి మీరు కట్టేది 25 అమెరికా డాలర్లు. సెయింట్ మార్టిన్ దీవిలో ఓడ ఆగేది డచ్ వైపు, పేరున్న ఓరియెంట్ బే ఫ్రెంచి వైపు. అక్కడ అధికారిక కరెన్సీ యూరో.

ఇక బీచ్ లెక్క. ప్రవేశం, కుర్చీలు, గొడుగు, లాకర్, భోజనం, పానీయం, స్నార్కెల్ సామాను, టాక్సీ — వీటన్నింటినీ ఒక కాగితం మీద మనిషికి ఇంత అని వేసి, అన్నీ కలిసిన డే పాస్ పక్కన పెట్టండి. రోజంతా ఉండి, తిని తాగే నలుగురికి డే పాస్ తరచు నెగ్గుతుంది. రెండు గంటలు ఈది ఓడలో భోజనానికి వెళ్లే ఇద్దరికి ప్రజా బీచే చవక. ఓడలో భోజనానికి మీరు ముందే డబ్బు కట్టేశారు కదా. "అన్నీ కలిసి" అన్న మాటలో పన్ను, సేవా రుసుము ఉన్నాయో లేవో, పిల్లల ధర ఏ వయసు దాకానో అడగండి.

ఓడ సంస్థ అమ్మే బీచ్ యాత్ర ఎక్కువ ఖరీదు. అయినా దానికి ఒక అసలైన విలువ ఉంది: ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లదవుతుంది. బీచ్ రేవుకు ఇరవై నిమిషాల లోపు ఉంటే ఆ అదనపు డబ్బు అనవసరం. గంట దూరంలో ఒకే రోడ్డున్న చోటయితే కట్టడమే తెలివి.

6. బుక్ చేసే ముందు

ఆ తేదీన రేవులో ఎన్ని ఓడలు ఉంటాయో క్రూజ్‌మ్యాపర్ వంటి చోట చూడండి. ఒకటీ రెండూ అయితే ఏ బీచ్ అయినా పర్వాలేదు. ఐదారు పెద్ద ఓడలు ఉంటే రేవు పక్క తీరాలూ, అందరికీ తెలిసిన ప్రజా బీచ్‌లూ నిండిపోతాయి. ఆ రోజుకు పరిమితి ఉన్న క్లబ్బే సరైనది.

సమీక్షలు చదివేటప్పుడు స్టార్ల సగటును పక్కన పెట్టి, మీరు వెళ్లే నెలలోనే రాసినవి, గత ఏడాదివి మాత్రమే చూడండి. తీరాలు మారిపోతాయి. 2017లో ఇర్మా తుపాను సెయింట్ మార్టిన్ తీరంలోని కట్టడాలను ఊడ్చేసింది. గ్రాండ్ కేమన్‌లో సెవెన్ మైల్ బీచ్ దక్షిణపు కొసన ఇసుక కోసుకుపోయి కొన్నిచోట్ల గోడల దాకా నీళ్లు వచ్చాయి. పాత ఫొటో నమ్మి వెళ్తే ఇసుకే దొరకదు.

ప్రసిద్ధి వేరు, సౌకర్యం వేరు అని చెప్పడానికి మాహో బీచ్ చాలు. సింట్ మార్టెన్ విమానాశ్రయపు రన్‌వే కొసన ఉన్న ఆ తీరంలో విమానాలు తలల మీదుగా దిగుతాయి. బయల్దేరే విమానం ఇంజిన్ గాలికి 2017లో ఒక పర్యాటకురాలు చనిపోయారు. దూరం నుంచి చూసి రావాల్సిన చోటే తప్ప, పిల్లలతో పూటంతా గడిపే బీచ్ కాదు.

ఓడ ఆ రేవుకు రాకపోతే డబ్బు వాపసు వస్తుందా అని క్లబ్బును అడగండి. ఓడ ప్రయాణికుల మీదే ఆధారపడ్డ క్లబ్బులు చాలావరకు ఇస్తాయి, కానీ రాతలో ఉండాలి. దగ్గర్లో రెండో బీచ్ ఒకటి అనుకుని ఉంచుకోండి, వీలైతే దీవికి వేరే దిక్కున.

7. సంచి

ఓడ కార్డు, ప్రభుత్వ గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు నకలు. తిరిగి వచ్చేటప్పుడు రేవు గేటు దగ్గర ఫొటో ఉన్న గుర్తింపు అడుగుతారు. చిన్న నోట్లు. మనిషికి కనీసం లీటరు నీళ్లు. ఓడ తువ్వాళ్లు తీసుకెళ్లవచ్చు, పోగొడితే ఖాతాలో వేస్తారు. పండ్లు, మాంసం, వండిన తిండి ఒడ్డుకు తీసుకెళ్లడం చాలా దీవుల్లో నిషేధం, సీలు తీయని ప్యాకెట్లే వేసుకోండి. దీవి పటాన్ని ఫోన్‌లో ముందే దించుకోండి.

సన్‌స్క్రీన్ సీసా వెనుక ఉన్న పదార్థాల పేర్లు చదవండి. అమెరికా వర్జిన్ దీవులు 2020లో ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని నిషేధించాయి. హవాయిలో మొదటి రెండూ ఉన్నవాటి అమ్మకం 2021 జనవరి నుంచి ఆగిపోయింది. ఎండను ఆపే పదార్థంగా జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఉన్నది ఈ నిషేధాల కిందికి రాదు. పెద్దవాళ్ల ఒంటికి ఒకసారికి దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది, ప్రతి రెండు గంటలకూ, ఈది వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఆ లెక్కన నలుగురికి ఒక చిన్న సీసా ఒక పూటకే చాలదు.

సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు వేసుకోకండి. బార్బడోస్‌తో సహా కొన్ని కరీబియన్ దీవుల్లో పిల్లలు వేసుకున్నా అది చట్టవిరుద్ధం.

8. తీరం చేరాక

డబ్బు కట్టే ముందు ఐదు నిమిషాలు నడిచి చూడండి. జెండా ఏ రంగు, నీటి అంచు ఎలా ఉంది, టాయిలెట్ శుభ్రంగా ఉందా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా. బాగాలేకపోతే వచ్చిన టాక్సీ వెళ్లిపోకముందే రెండో బీచ్‌కి మారవచ్చు. కుర్చీలు లైఫ్‌గార్డు మంచెకు దగ్గరగా, స్పీకర్లకూ బార్‌కూ దూరంగా తీసుకోండి. జెట్ స్కీలు బయల్దేరే చోటు పక్కన పిల్లలను దించకండి.

చెట్టు కింద కూర్చునే ముందు ఆ చెట్టును చూడండి. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు పెరుగుతుంది. చిన్న ఆపిల్ లాంటి పసుపుపచ్చని కాయలు, మెరిసే ఆకులు. దాని పాలు తగిలితే బొబ్బలు లేస్తాయి, కాయ తింటే గొంతు వాచిపోతుంది, వాన పడేటప్పుడు కింద నిలబడ్డా కారే నీటికి చర్మం కాలుతుంది. చాలాచోట్ల కాండానికి ఎర్ర రంగు పట్టీ వేస్తారు లేదా బోర్డు పెడతారు. అన్నిచోట్లా పెట్టరు.

హొనొలులులో ఆగే ఓడ అయితే పౌర్ణమి తేదీ చూసుకోండి. పౌర్ణమి అయిన ఎనిమిది నుంచి పది రోజులకు వైకీకీ తీరానికి బాక్స్ జెల్లీ చేపలు వస్తాయి. హోండురాస్‌కు చెందిన రొవాటాన్‌లో ఇసుక ఈగలు ఉదయం, సాయంత్రం కుడతాయి, కాళ్లకు మందు రాసుకోవాలి. ఏ జెల్లీ చేప కుట్టినా మంచినీళ్లు పోయకండి, రుద్దకండి; సముద్రపు నీటితోనే కడిగి లైఫ్‌గార్డుకు చెప్పండి.

వెళ్లగానే తిరుగు ప్రయాణం సంగతి తేల్చుకోండి. రానూపోనూ డబ్బు మొత్తం ముందే ఇస్తే డ్రైవర్ మరో బేరం దొరికి రాకపోవచ్చు. సగం ఇచ్చి, బండి నంబరు ఫొటో తీసుకుని, ఓడ సమయంలో ఎన్నింటికి రావాలో చెప్పండి. బీచ్ దగ్గర టాక్సీలు వరసలో ఆగే చోటయితే ఈ ఏర్పాటూ అక్కర్లేదు. కానీ ఓడలన్నీ ఒకే వేళకు బయల్దేరే రోజున అందరూ ఒకేసారి లేస్తారు. మీరు అరగంట ముందే లేవండి.

9. ఓడ తప్పిపోతే

ఓడలోని దినచర్య పత్రంలో రేవు ఏజెంటు (ఆ రేవులో ఓడ సంస్థ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది. దిగేముందు ఆ పేజీ ఫొటో తీసుకోండి. ఆలస్యం అవుతుందని తెలిసిన క్షణమే, టాక్సీలో ఉండగానే, ఆ నంబరుకు ఫోన్ చేయండి. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ పెద్దగా ఆగదు, కానీ ఐదు పది నిమిషాల తేడా ఉంటే కబురు అందడం వల్ల పని జరగవచ్చు. ఓడ కదిలిపోయాక నేరుగా ఏజెంటు దగ్గరికే వెళ్లండి. క్యాబిన్‌లోని సేఫ్ పెట్టెలో పాస్‌పోర్టు కనిపిస్తే సిబ్బంది దాన్ని ఏజెంటుకు ఇచ్చి వెళ్లడం చాలా సంస్థల్లో పద్ధతి. కాబట్టి మీరు దాన్ని వెంట తెచ్చుకోకపోతే బట్టల అడుగున దాచకుండా ఆ పెట్టెలోనే ఉంచండి. తర్వాతి రేవుకు విమానం, బస, అవసరమైతే వీసా ఖర్చులు మీవే. మీ ప్రయాణ బీమాలో ఓడ తప్పిపోవడం కింద ఏ కారణాలు చెల్లుతాయో ఇంట్లోనే చదువుకుని వెళ్లండి. బీచ్‌లో ఆలస్యం అన్నది వాటిలో సాధారణంగా ఉండదు. దారిలో ప్రమాదం లాంటి కారణం ఉంటే మాత్రం పోలీసు కాగితమో డ్రైవర్ రాసిచ్చిన చీటీయో అక్కడే తీసుకోండి, ఇంటికి వచ్చాక అవి దొరకవు.